సిద్ధార్థ విస్తరికి కాకి రాని పొద్దు

మూడో రోజు పొద్దున ఇబ్రహీంపట్నం వైకుంఠధామం శ్మశానంలో సిద్ధార్థకు విస్తరి వేశారు. మోదుగాకు విస్తరిలో అన్నం, నాటుకోడి కూర, గారెలు, ఉడకబెట్టిన గుడ్డు పెట్టి, పక్కన ఆకుదొప్పలో కాసింత కల్లు పోసి, అందరూ వెనక్కి జరిగి గోడ దగ్గర నిలబడ్డారు. ఇక పిట్ట ముట్టాలి. పోయినవాడు కాకి రూపంలో వచ్చి తిన్నాకే ఇంటివాళ్ళ నోట్లోకి ముద్ద పోవాలనేది అక్కడి పద్ధతి. పిట్ట ముట్టలేదంటే పోయినవాడికి ఏదో కోరిక మిగిలిపోయిందని లెక్క. అదేమిటో కనుక్కుని, తీరుస్తామని విస్తరి ముందు నిలబడి మాటివ్వాలి.

పొద్దు పైకెక్కుతోంది. కాకి లేదు.

అమరేందర్ గోడకు ఆనుకుని విస్తరివైపు చూస్తున్నాడు. సిద్ధార్థ అతనికి కాలేజీ నాటి స్నేహితుడు, ఒకే బ్యాండులో కలిసి వాయించినవాడు. నలభై కూడా నిండని మనిషి. బండి మీద ఇంటికి వస్తూ గుండెల్లో నొప్పి అనిపించి, బండి పక్కకు ఆపి, స్టాండు వేసి, దాని పక్కనే కూర్చున్నాడట. దారిన పోయే ఆటో అతను ఎత్తుకుని దవాఖానకు తెచ్చాడు. ప్రాణం దారిలోనే పోయింది. ఆ ఆటో అతను మాత్రం ఇంటివాళ్ళు వచ్చేదాకా బయటే నిలబడి, బండి తాళంచెవి అమరేందర్ చేతిలో పెట్టి, పేరు కూడా చెప్పకుండా వెళ్ళిపోయాడు.

ఆ తాళంచెవి పట్టుకున్నప్పటి నుంచి అమరేందర్‌కు ఏమీ తెలియడం లేదు. చేయి తల కింద పెట్టుకుని పడుకుంటే తిమ్మిరెక్కి, మనది కానట్టు వేలాడుతుంది చూడండి, మనిషి మొత్తం అలా అయ్యాడు. కంట్లో చుక్క రాలేదు. పనులు మాత్రం చేశాడు. బస్టాండు పక్కన అతనికి మైకుసెట్టు దుకాణం ఉంది. పెళ్ళిళ్ళకు, బోనాలకు, భజనలకు స్పీకర్లు కిరాయికిస్తాడు. శవం వాకిట్లో ఉండగా భజన మండలి వాళ్ళకు మైకు తనే బిగించాడు. హార్మోనియం గొంతులను మింగేస్తోందని మీట తిప్పి సర్దాడు. ఇంత మంచిగా వినిపించిన భజన ఈ మధ్య లేదని ఒక పెద్దాయన మెచ్చుకుంటే తలూపాడు. పాడె మోశాడు. ఏదీ లోపలికి దిగలేదు.

"సిగరెట్ తాగెటోడు గద, ఒకటి ముట్టిచ్చి పెట్టుండ్రి," అన్నాడు మల్లేశయ్య. ఆయన సిద్ధార్థకు మేనమామ. ఈ కార్యానికి పెద్ద.

"మానేసిండు మామా. మస్తు దినాలాయె," అన్నాడు వినీత్. సిద్ధార్థ చిన్నాయన కొడుకు, సాఫ్ట్‌వేర్ పని చేసేవాడు.

"మానేసిండు గాబట్టే కోరికుంటది. పెట్టు."

పెట్టారు. సిగరెట్ తనంతట తాను కాలి బూడిదైంది. ఆ తర్వాత బీరు తెచ్చారు. బిర్యానీ పొట్లం విప్పారు. కాకి రాలేదు. మల్లేశయ్య తువ్వాల తీసి భుజాన వేసుకుని, విస్తరి దగ్గరికి పోయి చేతులు జోడించాడు.

"బిడ్డా సిద్దూ, పెండ్లి జెయ్యలేదని మనసుల పెట్టుకోకురా. వచ్చె జన్మల మంచి పిల్లను జూసి నేనే జేస్త. అబద్ధమాడితె నన్నడుగు."

"ఉన్న జన్మల నువ్వు జూసిన పిల్లలను జూసే వాడు ఉరికిండు," అంది వెనకనుంచి రేణుకమ్మ. "ఇగ వచ్చె జన్మ గూడ నీకే అప్పజెప్పాల్నా తమ్మీ?"

రేణుకమ్మ సిద్ధార్థ తల్లి. మూడు రోజుల్లో ఆమె అన్న మొదటి పెద్ద మాట అదే. నవ్వాలో వద్దో తెలియక అందరూ తలలు దించుకున్నారు.

వైకుంఠధామం ఊడ్చే సీతాబాయి ఎవరూ చెప్పకుండానే ప్లాస్టిక్ కుర్చీ తెచ్చి రేణుకమ్మను కూర్చోబెట్టింది. తన గొడుగు విప్పి ఆమె తలమీద పట్టుకుని నిలబడింది. ఎండ తన మీద పడుతున్నా గొడుగు ఇటు జరపలేదు.

"కాకులు ఈడ యాడున్నయి బాపూ?" అంది మల్లేశయ్యతో. "చుట్టు చెట్లన్ని కొట్టి ప్లాట్లు జేస్తిరి. అవి చెత్త పోసే కాడికి పోయినయి. మొన్నొకళ్ళకు పగటాల్ల దాక రాలె."

"యూట్యూబ్ల కాకి సప్పుడు ఉంటది, ఆగుండ్రి," అని వినీత్ ఫోను తీసి ఎత్తి పట్టాడు. కావ్ కావ్ అని రెండుసార్లు అరిచిందో లేదో, మధ్యలో ప్రకటన వచ్చింది. కొంగరకలాన్ కలెక్టరేటుకు కూతవేటు దూరంలో ఓపెన్ ప్లాట్లు, నేడే బుక్ చేసుకోండి అని ఒక ఆడగొంతు హుషారుగా చెప్పింది.

"ప్లాట్లతోని కాకులు పోయినయని ఆమె జెప్తుంటె, నువ్వు ప్లాట్లనే పిలుస్తున్నవారా?" అని మల్లేశయ్య ఫోను కిందికి నొక్కాడు.

అప్పుడే సీతాబాయి అడిగింది, "అమ్మా, ఏమన్న తిన్నవా?"

"పిట్ట ముట్టకుంట ఎట్ల తింట? పొద్దుగాల సుగర్ గోలి ఒక్కటి ఏసుకున్న. అలవాటు మీద చెయ్యి పోయింది."

ఆ మాట అమరేందర్ చెవిన పడింది. అతను ఆమె వైపు చూశాడు. పైపెదవి మీద చెమట పట్టింది. ఒళ్ళో పెట్టుకున్న చేయి సన్నగా వణుకుతోంది. గోలీ వేసుకుని అన్నం తినకపోతే ఏమవుతుందో అతనికి తెలుసు. తన బాపు ఒకసారి అట్లాగే పొలం గట్టు మీద పడిపోయాడు. దగ్గరికి పోయి మోకాళ్ళ మీద కూర్చున్నాడు.

"పెద్దమ్మా, జర ఒక్క గారె తిను. దేవుడు ఏమనడు."

"దేవుడు అనకపోవచ్చు బిడ్డా. నా కొడుకు తినంది నేనెట్ల తింట?"

"జర చక్కెర నీళ్ళన్న తాగు."

ఆమె తల అడ్డంగా ఊపింది. అమరేందర్ లేచి గోడ మీదుగా ఆకాశం చూశాడు. అతనికి ఇప్పుడు కావలసింది ఒక్క కాకి. దుఃఖం సంగతి తర్వాత. ఒక్క కాకి వచ్చి ఒక్క మెతుకు ముట్టుకుంటే ఈ తల్లి ఇంత తింటుంది.

"అన్న కోరికేందో నాకెర్క," అన్నాడు వినీత్ మెల్లగా, పక్కకు వచ్చి. "గా పంక్ పాట. ఎన్నిసార్లు జెప్పిన అమరన్నా, గది ఎప్పుడో సచ్చిపోయింది, పుట్టిన దేశంలనే ఎవరు ఇంటలేరు అని. నా మాట ఇంటేనా."

అమరేందర్‌కు సిద్ధార్థ జవాబు గుర్తొచ్చింది. ఇదే వినీత్ ఇదే మాట సిద్ధార్థ ఫ్లెక్సీ దుకాణంలో అన్నప్పుడు అతను కత్తెర పక్కన పెట్టి, నిజంగానే నొచ్చుకున్నట్టు ముఖం పెట్టి, "సచ్చిపోయిందా? మరి నన్ను దినాలకు పిల్వకపోయిరి!" అన్నాడు. ఆ రోజు అందరూ పడిపడి నవ్వారు. ఇవాళ గుర్తొస్తే నోరు కూడా కదల్లేదు.

పంక్ అంటే ఏమిటో ఈ ఊళ్ళో చాలామందికి తెలియదు. ఎక్కడో పరదేశంలో పనీపాటా దొరకని పోరగాళ్ళు, సంగీతం నేర్చుకునే స్తోమత లేనివాళ్ళు, చేతికందిన గిటార్లు పట్టుకుని మూడే మూడు స్వరాలు మార్చి మార్చి వాయిస్తూ కడుపులో మంటంతా అరిచి పాడిన పాట అది. ఇంజనీరింగ్ కాలేజీలో ఒక సీనియర్ ఇచ్చిన సీడీ విని సిద్ధార్థ రెండు రోజులు అన్నం మాటే ఎత్తలేదు. అతనికి పాట రాదు. బడిలో ప్రార్థనకు కూడా వెనక వరుసలో నిలబెట్టేవారు. "పాట రానోళ్ళ కోసమే పుట్టిన పాటరా ఇది," అన్నాడు అమరేందర్‌తో. లావు తీగల గిటార్ అమరేందర్‌కు అంటగట్టాడు. డప్పు కొట్టే బాలేష్‌ను డ్రమ్ముల ముందు కూర్చోబెట్టాడు. అతనిప్పుడు లారీ మీద ఎక్కడో గుజరాత్ దారిలో ఉన్నాడు, రాలేకపోయాడు. కాలేజీ ముందు నుంచి క్రషర్ లారీలు దుమ్ము లేపుకుంటూ పోతుండేవి కాబట్టి బ్యాండుకు కంకర అని పేరు పెట్టారు.

అమరేందర్ వాళ్ళ కోళ్ళ ఫారం ఖాళీగా పడి ఉండేది. అందులో మొదటి పాట పాడారు. సగంమంది ఈకల దుమ్ముకు తుమ్ముతూనే ఎగిరారు. పంక్ పాటకు పోరగాళ్ళు ఒకరి మీద ఒకరు పడి, భుజాలు తాకించుకుంటూ ఎగురుతారు. దూరం నుంచి చూస్తే కొట్లాటలా ఉంటుంది. పక్క చేను ముసలాయన అది నిజం కొట్లాటే అనుకుని, విడిపిద్దామని కర్ర పట్టుకుని ఉరికి వచ్చాడు. సిద్ధార్థ పాట ఆపి, ఆయనకు పీట వేసి, చాయ్ ఇచ్చి, మళ్ళీ మొదలుపెట్టాడు. ముసలాయన చివరిదాకా కూర్చుని, "మంచిగనే ఉన్నది గని, జర నిమ్మళంగ తిట్టుండ్రి," అని వెళ్ళిపోయాడు.

ఆ ఎగురుడులో ఒక్కటే నియమం. కింద పడ్డవాణ్ణి ఎవరు దగ్గరుంటే వాళ్ళు వెంటనే లేపాలి. పాట ఆగినా సరే. సిద్ధార్థ ఆ నియమాన్ని ఫారం బయటకూ తెచ్చుకున్నాడు. వానాకాలం సాగర్ రోడ్డు మీద ఎవరు జారి పడినా ఇతని బండి ఆగేది. పడ్డవాడి ప్యాంటుకు అంటిన బురద కూడా దులిపి పంపేవాడు. పగలంతా ఫ్లెక్సీ దుకాణంలో నాయకుల పుట్టినరోజు బ్యానర్లు ప్రింటు తీసేవాడు. ఆదివారం అదే నాయకుల మీద పాట కట్టేవాడు. దేవుడికి దండం పెట్టగా ఎవరూ చూడలేదు గాని, నానమ్మ బతికున్నన్నాళ్ళు శనివారం శనివారం ఆమెను హనుమాన్ గుడికి తీసుకొచ్చి, ఆమె బయటికి వచ్చేదాకా మెట్ల దగ్గర అందరి చెప్పులు చూస్తూ కూర్చునేవాడు. ఆ కూర్చోవడం కూడా స్వామి లెక్కలోకి పోయే ఉంటుంది.

తర్వాత ఫారం ఉన్న భూమి ప్లాట్ల వెంచర్ అయింది. హద్దురాళ్ళు పాతారు. ఫారం కూల్చారు. అమరేందర్‌కు పెళ్ళయింది, పిల్లలు పుట్టారు, మైకుసెట్టు పెరిగింది. ఏ గొడవా లేదు, ఏ ఒక్క రోజూ మానేశానని చెప్పలేదు. చేతులు వాయించడం మరిచిపోయాయి, అంతే. సిద్ధార్థ మరిచిపోలేదు. ఆదివారం మధ్యాహ్నం ఫ్లెక్సీ దుకాణం షట్టర్ సగం దించి, చుట్టుపక్కల కాలేజీల పిల్లలు నలుగురో అయిదుగురో వస్తే వాళ్ళతో పాడేవాడు. అమరేందర్ స్పీకర్ దించి వెళ్ళేవాడు, సాయంత్రం వచ్చి ఎత్తుకుపోయేవాడు. ఉండి వినమని సిద్ధార్థ ఎన్నడూ బలవంతపెట్టలేదు. "లోడు మస్తున్నదా? పో పో," అనేవాడు.

"అమరూ," అని పిలిచింది రేణుకమ్మ. గొంతు సన్నబడింది. "వాడు గదేందో ఒర్లెటోడు గద బిడ్డా, ఆపు ఆపు అని. గది పాడు. అన్ని పెట్టినం, గదొక్కటి పెట్టలె."

మల్లేశయ్య అదిరిపడ్డాడు. "బొందలగడ్డల పాటలేందక్కా?"

"వాన్ని ఈడికి తేంగ డప్పు కొట్టుకుంట తేలేదా? ఇది వాని డప్పు."

వినీత్ బండి మీద పోయి గిటార్ తెచ్చాడు. సిద్ధార్థ మంచం మీదే ఉందట. ఒక తీగ తెగి వేలాడుతోంది. అమరేందర్ మెడలో వేసుకున్నాడు. ఎండకు వేడెక్కిన పట్టీ మెడకు చురుక్కుమంది. సరిగ్గా అప్పుడు సీతాబాయి గోడ వైపు చూపించి, "బాపూ, అగో," అంది.

ప్రహరీ మీద కాకి వాలింది.

ఎవరూ కదల్లేదు. కాకి విస్తరిని చూసింది. తల ఇటు తిప్పి మనుషులను చూసింది. ముక్కు గోడకు రుద్దుకుంది. దిగలేదు. పెద్దవాళ్ళు లోలోపల ఏమేమి దేవుళ్ళకు మొక్కుకున్నారో గాని, కాకి మాత్రం తీరిగ్గా రెక్క కింద పొడుచుకుంటూ కూర్చుంది.

"జూసినవా, పాట కోసం ఆగిండు," అంది రేణుకమ్మ. "పాడు బిడ్డా."

"అక్కా, దండం పెడ్త, ఒర్రితె ఎగిరిపోతది!" అన్నాడు మల్లేశయ్య గుసగుసగా. "ఉన్నదే ఒక్కటి!"

"నా కొడుకు వాని పాటకు వాడు ఎగిరిపోతడా?"

అమరేందర్ ఇద్దరినీ చూశాడు. మల్లేశయ్య చెప్పిందే నిజమని ఏ పిల్లవాణ్ణి అడిగినా చెబుతాడు. కాని చేయి వణుకుతున్న మనిషి రేణుకమ్మ. అతను కళ్ళు మూసుకుని తీగల మీద చేయి కొట్టాడు.

"పాసున్నది!" అని అరిచాడు. గొంతు చీలింది.

ఆ పాట వాళ్ళు, చేతిలో బస్సు పాసున్నా కాలేజీ స్టాపులో ఆగకుండా పోయే బస్సు మీద కట్టింది. పాడేవాడు ఒక ముక్క అరిస్తే, వినేవాళ్ళందరూ "ఆపు!" అనాలి. ఇక్కడ ఎవరూ అనలేదు. వైకుంఠధామం గోడలకు తగిలి మాట వెనక్కి వచ్చింది.

"పరీక్షున్నది!"

"ఆపు," అన్నాడు వినీత్, నేలవైపు చూస్తూ.

"తాతకు దవాఖానున్నది!"

"ఆపు!" ఈసారి సీతాబాయి కూడా అంది. ఆమెకూ ఆగని బస్సులు తెలుసు.

"మేం మనుషులం గామా!"

"ఆపు! ఆపు!"

లోపల ఏదైనా పగులుతుందేమోనని అమరేందర్ చూశాడు. ఏమీ పగల్లేదు. మెత్తబడిపోయిన వేళ్ళకు తీగలు కోసుకుని మండాయి, అంతవరకే తెలిసింది. కళ్ళు తెరిచేసరికి గోడ ఖాళీగా ఉంది. కాకి దూరంగా చుక్కై పోతోంది.

"అయిపాయె," అని మల్లేశయ్య నెత్తి కొట్టుకున్నాడు. "వచ్చిన ఒక్క కాకిని గూడ బస్సెక్కిచ్చి తోలితిరి."

వినీత్ చెమట తుడుచుకుని, "అమరన్నా, తర్వాత లైన్ ఏంది?" అన్నాడు.

"తర్వాత లేదు. గదే మల్ల మల్ల."

అప్పుడు రేణుకమ్మ దగ్గర నుంచి చిన్న చప్పుడు వచ్చింది. ఏడుస్తోందనుకుని సీతాబాయి వంగి చూసింది. ఏడవడం లేదు, నవ్వుతోంది.

"ఎట్ల దిగుతడు?" అంది రేణుకమ్మ. "మనకు బుద్ధున్నదా అసలు? గీ పాట పాడినంక వాడు ఎన్నడన్న ముందుగాల తిన్నడా? ఆదివారం గంజెడు అన్నం వండి పంపిస్తె, వచ్చిన పోరగాండ్లందరికి పెట్టి, అడుగు గీక్కొని తినెటోడు. ఎందుకురా అంటె, అందరు తిన్నంకనే అమ్మా అనెటోడు. ఇప్పుడు మనమందరం కడుపులు మాడ్చుకొని నిలబడి వాన్ని తినుమంటున్నం. యాడ తింటడు వాడు?"

ఆమె కుర్చీ పక్కన ఉన్న గిన్నె మూత తీసింది. విస్తరిలో పెట్టగా మిగిలిన అన్నం, కూర, గారెలు అందులో ఉన్నాయి.

"అక్కా, పద్ధతి..."

"పద్ధతి వానికి జెప్పు తమ్మీ. నాకు జెప్పకు. దా, చెయ్యి పట్టు."

మొదటి ముద్ద సీతాబాయి చేతిలో పెట్టింది. "నాకెందుకమ్మా," అంది సీతాబాయి. "గంత సేపు గొడుగు పట్టినవు, నీకు గాకపోతె ఎవలకు?" అంది రేణుకమ్మ. తర్వాత వినీత్‌కు పెట్టింది. తర్వాత అమరేందర్‌కు. మల్లేశయ్య కాసేపు అటూ ఇటూ తిరిగాడు. ఆకాశం చూశాడు, విస్తరి చూశాడు. చివరికి తువ్వాలతో చేయి తుడుచుకుని వచ్చి చేయి చాచాడు.

"నువ్వు?" అన్నాడు అమరేందర్.

"అందరు తిననీ బిడ్డా."

"నువ్వు గూడ అందర్లనే ఉన్నవ్ పెద్దమ్మా."

ఆమె అతని ముఖంలోకి చూసింది. తర్వాత గారె ఒకటి తుంచి నోట్లో పెట్టుకుంది. నమిలింది. ఇంకో ముక్క తుంచుకుంది. సీతాబాయి నీళ్ళ సీసా మూత తీసి అందించింది. అమరేందర్ ఆ తల్లి చేతినే చూస్తూ ఉన్నాడు. నాలుగు ముద్దలు లోపలికి పోయాక వణుకు మెల్లగా తగ్గడం మొదలైంది. విస్తరి వైపు ఎవరూ చూడలేదు.

అతను కూడా నమిలాడు. అన్నమో, మట్టో తేడా తెలియడం లేదు. మింగితే దిగుతోంది.

"కూరల ఉప్పెక్కువైందా బిడ్డా?" అడిగింది రేణుకమ్మ. "పొద్దుగాల చెయ్యి సోయిల లేకుండె."

అతనికి ఉప్పూ తెలియలేదు, కారమూ తెలియలేదు.

"మంచిగనే ఉన్నది పెద్దమ్మా," అన్నాడు.

ఆమె ఇంకొంచెం అన్నం అతని చేతిలో పెట్టి, గిన్నె తన ఒళ్ళోకి తీసుకుంది.